ముందు ఏం జరిగింది?

జూన్ 6

చెల్లాయీ,

నీ ఉత్తరం అందింది. జవాబు ఏం రాయాలా అని వారం రోజులు ఆలోచించి, చివరికి ఒక కుక్కను పంపిస్తున్నాను. నువ్వు ఇది చదివేసరికి అది మీ గుమ్మంలో నిలబడి నీ చెప్పులు వాసన చూస్తూ ఉంటుంది. మరిది గారిని ఏమీ అనకు. సిమెంటు గొట్టాల లోడుతో మా ఊరొచ్చి, వదిన గారిని పలకరించి పోదామని పాపం మా పశువుల ఆసుపత్రికి వచ్చారు. పది నిమిషాలు నా మాటలు విన్నాక లారీలో క్లీనరుకీ తనకీ మధ్య కుక్కని కూర్చోబెట్టుకుని వెళ్లారు. కాదు, కూడదు అనడం ఆయనకి చేతకాదని నీకూ తెలుసు.

కోప్పడకుండా విను. పిల్లకి ఎనిమిదేళ్లొచ్చినా పక్క తడుపుతోందని రాశావు. గోళ్లు రక్తం వచ్చేదాకా కొరుకుతోందనీ, గిన్నె కింద పడితే బల్ల కిందికి దూరుతోందనీ, బళ్లో టీచరు ఎంత బతిమాలినా నోరు విప్పడం లేదనీ రాశావు. డాక్టరు నులిపురుగులకి మందిచ్చాడన్నావు. ఆ మందు నేను రోజుకి పది దూడలకి తాగిస్తాను. తాగిన దూడ ఒక్కటీ ఇంతవరకు నాతో మాట్లాడలేదు. పిల్లకి ఉన్నది పురుగులు కాదు, ఒంటరితనం. వాళ్ల నాన్న నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. నువ్వు పొద్దున ఏడున్నరకి కార్ఖానాకి వెళ్తే సాయంత్రం ఆరింటికి వస్తావు. బడి నుంచి వచ్చి తనే తాళం తీసుకుని ఇంట్లో కూర్చునే పిల్ల ఎవరితో మాట్లాడాలి, గోడతోనా?

ఇరవై రెండేళ్లుగా పశువులకి కట్లు కడుతున్నదాన్ని, ఈ ఒక్క విషయంలో నా మాట విను. కుక్కతో పెరిగిన పిల్లల్ని నేను దూరం నుంచే గుర్తుపడతాను. వాళ్లు ఎదుటివాళ్ల ముఖం చూసి బాధ పసిగడతారు. చెప్పకుండానే నీళ్లగిన్నె నింపుతారు. మట్టిలో పొర్లి పొర్లి ఒళ్లు గట్టిపడి జలుబులకి లొంగరు. అన్నిటికన్నా ముఖ్యం, మనుషులకి చెప్పుకోలేనివి కుక్కకి చెప్పుకుంటారు. అది వింటుంది, మళ్లీ ఎవరికీ చెప్పదు. ఈ రెండు గుణాలూ ఉన్న మనిషిని నువ్వెక్కడైనా చూశావా?

దీని సంగతి. ఆడది, రెండేళ్లుంటాయి. నల్లగా ఉంటుంది, రొమ్ము మీద గుండ్రంగా తెల్ల మచ్చ. వెనక కాలు విరిగి మా గేటు దగ్గర పడి ఉంటే నేనే కట్టు కట్టి బాగుచేశాను. కొంచెం కుంటుతుంది. ఆ కాలు పట్టుకుని గుంజినప్పుడు కూడా నన్ను కరవలేదు, చెయ్యి నాకింది. రోజుకి రెండు పూటలా పాలల్లో రొట్టె చాలు. పేరు పెట్టలేదు, పిల్లనే పెట్టనీ.

ఇక తిట్లు మొదలుపెట్టు, ఉత్తరంలో రాయి, చదువుకుంటాను.

మీ అక్క


జూన్ 19

అక్కా,

తిట్టాలనే కూర్చున్నాను. ఒక చెప్పు తినేసింది. రెండోది కుడి కాలిది, అదీ తినేసి ఉంటే కొత్త జత కొనుక్కోవడానికి ఒక వంకైనా దొరికేది. ఒంటి చెప్పు ఏం చేసుకోను? అటకమీద పెట్టాను, ఎప్పుడైనా నువ్వొస్తే దానితోనే స్వాగతం.

పిల్ల దానికి గుండీ అని పేరు పెట్టింది, రొమ్ము మీద మచ్చ చూసి. నా ఖర్మ చూడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాజాలు, గుండీలు. ఇంటికొస్తే గుమ్మంలో ఇంకో గుండీ. మా వరసలో ఒక్కొక్కరికీ రోజుకి నాలుగు వందల చొక్కాలు. ఒక్కో చొక్కాకి ఏడు కాజాలు. మిషను చప్పుడు బయటికొచ్చాక కూడా చెవుల్లో తిరుగుతూనే ఉంటుంది. కొత్త సూపర్‌వైజరు వెనక నిలబడి కాజాకీ కాజాకీ మధ్య దూరం చెక్క స్కేలుతో కొలుస్తాడు. ఒక నూలుపోగు తేడా వచ్చినా చొక్కా తెచ్చి నా బల్ల మీద పడేస్తాడు. నేను మాట్లాడను. ఎనిమిది గంటలు పళ్లు బిగించుకుని ఇంటికొస్తాను. అప్పటికి నా ఒంట్లో మనిషన్నది మిగలదు, ఎవరైనా చిన్న మాట అన్నా అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

సరే, నువ్వు గెలిచావు, అది కూడా రాస్తాను. పక్క నాలుగు రోజులుగా పొడిగా ఉంది. నిన్న నేను గేటు తీస్తుంటే లోపల ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించి దొంగలేమో అనుకున్నాను. చూస్తే పిల్ల తెలుగు వాచకం పట్టుకుని కుక్కకి పాఠం చదివి వినిపిస్తోంది. "అర్థమైందా? కాకపోతే చెయ్యెత్తు" అంటోంది. అది కాలెత్తింది, నిజంగా. నేను గేటు దగ్గరే చాలాసేపు నిలబడ్డాను. నన్ను చూడగానే ఇద్దరూ ఆపేశారు.

మీ మరిది దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని మరీ బువ్వ పెట్టారు. ఇరవై ఒకటికి మళ్లీ లోడు.

నీ చెల్లి


జూలై 2

చెల్లాయీ,

నీ ఉత్తరాన్ని ఆసుపత్రిలో అందరికీ చదివి వినిపించాను. కాలెత్తిన చోట మా పెద్ద డాక్టరు గారు కూడా నవ్వారు, ఆయన నవ్వడం ఏడాదికి రెండుసార్లు.

ఇప్పుడు మెల్లిగా పనులు అప్పగించు. నీళ్లు పోయడం, ఒళ్లు దువ్వడం, సాయంత్రం వీధి చివరిదాకా తిప్పడం, అన్నీ పిల్లే చెయ్యాలి. తనకన్నా చిన్న ప్రాణం తన చేతిలో ఉందని తెలిస్తే పిల్లలు ఒక్కసారిగా పెద్దవాళ్లవుతారు. దాన్ని కాపాడుకోవడం నేర్చుకుంటారు. చూస్తూ ఉండు, ఏడాది తిరిగేసరికి నీ కూతురు నీకే బుద్ధులు చెబుతుంది.

మనకీ చిన్నప్పుడు ఒక కుక్క ఉంటే బావుండేది అనిపించింది. నాన్న ఒప్పుకునేవాడు కాదులే. నాన్న దేనికి ఒప్పుకున్నాడు గనక. ఆ ఇంట్లో మనిద్దరం ఒకే దుప్పటి కింద దూరి ఆయన బూట్ల చప్పుడు లెక్కపెట్టేవాళ్లం, గుర్తుందా? పోనీలే, పోయినవాళ్ల సంగతి ఎందుకు. నీ కూతురికి ఆ భయం లేదు, అది చాలు.

స్కేలు వాణ్ణి ఒకసారి మా ఆసుపత్రికి పంపు. గుర్రాలకి వేసే సూది చూపిస్తాను.

మీ అక్క


ఆగస్టు 11

అక్కా,

ఉత్తరం ఆలస్యమైంది, కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా ఇప్పుడు నాకు ఓపిక లేదు. నీ కుక్కని నువ్వు తీసుకెళ్లిపో.

నెల రోజులుగా అది మారిపోయింది. మొదట్లో ఊరికే గుర్రుమనేది. ఇప్పుడు పళ్లు బయటపెడుతుంది. మెడ మీద వెంట్రుకలు లేపి గది మధ్యలో నిలబడుతుంది, పక్కకి జరగమంటే జరగదు. ఎవరైనా చెయ్యి ఎత్తితే చాలు, మీదికొస్తుంది. మొన్న గురువారం చీర కొంగు చింపింది, కొంచెంలో చెయ్యి తప్పింది. ఇంట్లో తిండి తింటూ ఇంట్లో మనుషుల మీదికే వస్తే దాన్నేమనాలి? రేపు పిల్లనే కరిస్తే నేను ఎవరికి చెప్పుకోను?

పిల్ల మాత్రం దాన్ని వదలదు. బడి నుంచి రాగానే దాని మెడ పట్టుకుని కూర్చుంటుంది. నాతో మాట్లాడటం మళ్లీ మానేసింది. మాటలన్నీ దానితోనే. ఒక్కోసారి నేను గదిలోకి వెళ్తే ఆ ఇద్దరూ ఒకేలా తల ఎత్తి చూస్తారు, నేనేదో వాళ్లింటికి వచ్చిన పరాయిదాన్ని అయినట్టు.

ఇక్కడి పశువుల డాక్టరుని అడిగాను. కరిచే కుక్క అయితే సూది వేసి పంపించేస్తాం, కానీ ఏదో కాగితం కావాలన్నాడు. నీకు తెలిసే ఉంటుంది. నువ్వు రాలేకపోతే ఆ కాగితం పంపు.

నీ చెల్లి


ఆగస్టు 17

చెల్లాయీ,

కాగితం ఇందులో పెట్టాను. అది ఏమిటో ముందు చెబుతాను, తరవాత ఇంకో మాట అడుగుతాను. దానికి సూటిగా జవాబు రాయాలి.

ఏ ఆసుపత్రిలోనైనా కరుస్తుందని తెచ్చిన కుక్కకి వెంటనే సూది వెయ్యరు. పది రోజులు కనిపెట్టి చూడాలి. రోజూ ఈ కాగితంలో నాలుగు గడులు నింపాలి. తేదీ, ఎవరెవరు ఉన్నారు, ముందు ఏం జరిగింది, కుక్క ఏం చేసింది. అందరూ చివరి గడి నిండా రాస్తారు, అరిచింది, ఎగిరింది, చింపింది అని. మా పెద్ద డాక్టరు గారు అది చదవనే చదవరు. మూడో గడి చూస్తారు. ముందు ఏం జరిగింది? కుక్క ఊరికే మీదికి రాదు చెల్లాయీ. విరిగిన కాలు గుంజి కట్టు కట్టినప్పుడు కూడా నన్ను ఏమీ అనని కుక్క అది.

ఇప్పుడు నా ప్రశ్న. ఎవరైనా చెయ్యి ఎత్తితే అని రాశావు. ఎవరి చెయ్యి? ఎవరి మీద ఎత్తిన చెయ్యి? మీ ఇంట్లో ఉన్నది ముగ్గురు. మరిది గారు పిల్లని కొడుతున్నారా? నిన్ను కొడుతున్నారా?

నెమ్మదస్థుడనుకుని నెత్తిన పెట్టుకున్నాను. కానీ ఆలోచించేకొద్దీ అన్నీ కలుస్తున్నాయి. గిన్నె పడితే బల్ల కింద దూరడం, పక్క తడపడం, నోరు మెదపకపోవడం. ఇవన్నీ ఒంటరితనం అనుకున్న నా తెలివి తగలబడ. ఆ లక్షణాలు నాకు తెలియనివా? మనిద్దరం అలాగే కదా పెరిగాం.

నువ్వు ఆయన పక్కనుండగా జవాబు రాయలేవేమో అని నేనే ఆయనకి లారీ ఆఫీసు అడ్రసుకి ఉత్తరం రాశాను. మర్యాదగానే రాశాను, కానీ దాచకుండా రాశాను. పిల్ల మీద ఇంకోసారి చెయ్యి పడితే పెద్దమ్మ అనేది ఒకతె ఉందని గుర్తుంచుకోమన్నాను. నీకు కోపం వస్తే రానీ.

మీ అక్క


సెప్టెంబర్ 3

అక్కా,

ఎంత పని చేశావు.

నీ ఉత్తరం ఆఫీసులో గుమాస్తా విప్పి, అందరి ముందూ ఆయన చేతికిచ్చాడట. ఆయన లోడు వేరేవాళ్లకి అప్పగించి నేరుగా ఇంటికొచ్చారు. బట్టలు మార్చుకోలేదు, తిండి ముట్టలేదు. మంచం మీద కూర్చుని నీ కాగితం మూడుసార్లు చదివి, పిల్లని పిలిచారు. "నేను నిన్ను ఎప్పుడైనా కొట్టానా తల్లీ? నాకు గుర్తు లేకుండా కొట్టానా?" అని అడిగారు. పిల్ల నా వంక చూసింది. ఏమీ చెప్పలేదు. ఆయన నా వంక చూశారు. నేనూ ఏమీ చెప్పలేదు. నీ ఉత్తరం వల్ల నా నోరు పడిపోయింది.

"సరే, నేను ఇంట్లో లేకపోతే మీకు భయం లేకుండా ఉంటుందంటే లేకుండానే ఉంటాను" అన్నారు. మర్నాడు పొద్దున దూరపు రూటు రాయించుకుని వెళ్లిపోయారు. మళ్లీ రెండు నెలల దాకా రారు. వెళ్లేముందు కుక్క దగ్గర కూర్చుని దాని తల నిమిరారు. అది ఆయన చెయ్యి నాకింది.

నువ్వు దూరాన కూర్చుని అన్నీ తెలుసుకున్నట్టు రాస్తావు. నీకు ఎప్పుడూ అంతే. నువ్వు కట్లు కట్టుకునే ప్రాణాలకి నోరుండదు గనక నువ్వు చెప్పిందే రోగం. మనుషుల ఇళ్లలో అంత తేలిక కాదు.

కాగితం నింపుతాం. పదహారో తారీఖున డాక్టరు రమ్మన్నాడు. నేను పగలంతా ఉండను గనక పిల్లనే రాయమన్నాను. గడులు చూపించి ఎలా రాయాలో చెప్పాను. ఇది ఎందుకని అడిగింది. గుండీ మంచిదో కాదో డాక్టరు దీన్ని చూసి చెబుతాడన్నాను. అరిస్తే ఏం చేస్తారంది. సూది వేస్తారన్నాను.

నీ చెల్లి


సెప్టెంబర్ 9

చెల్లాయీ,

తిట్టావు, పడ్డాను. కానీ నిజం నువ్వే రాశావు. తప్పు చెయ్యనివాడు ఊరొదిలి ఎందుకు పోతాడు? పిల్ల నీ వంక చూసిందంటే అమ్మే దిక్కని చూసింది. నువ్వు నోరు విప్పలేదంటే భయపడి విప్పలేదు. అమ్మ కూడా ఇలాగే విప్పేది కాదు.

పోనీ, పీడ వదిలింది. ఇంట్లో నువ్వూ, పిల్లా, గుండీ. ఇక పిల్ల నిశ్చింతగా ఉంటుంది. నేను ఇప్పుడే చెబుతున్నాను, ఆ కాగితం నిండే పది రోజుల్లో గుండీ ఒక్కసారి కూడా అరవదు. అది చూపించి ఆ డాక్టరుకి చెప్పు, కుక్కలో ఏ లోపమూ లేదని. సూది మాట ఎత్తకు.

నేను పదిహేడో ఏట ట్రైనింగు పేరు చెప్పి ఆ ఇంటి నుంచి బయటపడ్డాను. నీకప్పుడు పన్నెండు. నిన్ను తీసుకురాలేకపోయానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఆ తప్పు మళ్లీ చెయ్యకూడదనే ఇంత మొండికేస్తున్నాను. పిల్ల నీ దగ్గర ఉన్నంతకాలం నాకు బెంగ లేదు.

మీ అక్క


సెప్టెంబర్ 18

అక్కా,

కాగితం నా దగ్గరే ఉంది. పోస్టులో పోతుందేమో అని పంపకుండా ఇక్కడ కాపీ రాస్తున్నాను. పిల్ల రాసింది రాసినట్టే రాస్తాను, ఒక్క మాట మార్చను.

6వ తారీఖు. అమ్మ, నేను. నేను పాలు ఒలకబోశాను. గుండీ గుర్రుమంది.

7. అమ్మ, నేను. జడ వేస్తుంటే నేను కదిలాను. గుండీ నా ముందు నిలబడింది.

8. అమ్మకి ఓవర్‌టైము. ఏమీ జరగలేదు. గుండీ పడుకుంది.

9. అమ్మ, నేను. నేను ఎనిమిదో ఎక్కం తప్పు చెప్పాను. గుండీ పళ్లు చూపించింది, కరవలేదు.

10. అమ్మ, నేను. అమ్మకి తలనొప్పి. నేను గట్టిగా నవ్వాను. గుండీ అరిచింది.

11. అమ్మ, నేను. నేను ఏం చేశానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. గుండీ అరిచింది.

12. అమ్మ, నేను. నేను స్కూల్లో గొడుగు మర్చిపోయాను. గుండీ అరవలేదు. ముందే దాన్ని పెరట్లో కట్టేసి తలుపు వేసి వచ్చాను.

13. అమ్మ, నేను. పలక పగిలింది. గుండీని కట్టేశాను. అరవలేదు.

14. అమ్మ, నేను. గుండీని కట్టేశాను. అరవలేదు.

15. గుండీని కట్టేశాను. డాక్టరు గారూ, గుండీ తప్పు ఏమీ లేదు. నేను తప్పు చేసినప్పుడే అరుస్తుంది. ఇంక నేను తప్పు చెయ్యను. దాన్ని ఏమీ చెయ్యొద్దు.

ఇదీ కాగితం. కింద పెద్దవాళ్ల సంతకం కోసం ఒక గీత ఉంది. పదహారున కార్ఖానాలో తిండి గంటలో సంతకం పెడదామని సంచిలోంచి తీసి మొదటిసారి చదివాను.

నీకు సూటిగా జవాబు కావాలన్నావు కదా. ఎవరి చెయ్యి అన్నావు. నా చెయ్యి. మీ మరిది ఆ పిల్లని పుట్టినప్పటి నుంచి ఒక్క దెబ్బ కొట్టలేదు, గట్టిగా పేరు పెట్టి పిలవలేదు. కొట్టేది నేను. ఇంటికి తెచ్చుకున్న చెక్క స్కేలుతో కొడతాను. కాజాల దూరం ఇంట్లో చేతికి అలవాటు చేసుకుందామని తెచ్చుకున్నాను, దాన్ని ఇందుకు వాడాను. అరచేతుల మీద, పిక్కల మీద, బట్టలు కప్పే చోట. ఎక్కడ కొడితే బయటికి కనబడదో నాకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది, మనం నేర్చుకునే పెరిగాం.

కొట్టాక ఏడుస్తాను. దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని వెన్న రాస్తాను. ఆ కాసేపు నేను చాలా మంచి అమ్మనని నాకే అనిపిస్తుంది. మర్నాడు ఏడున్నరకి కార్ఖానా, మళ్లీ ఆరింటికి ఇల్లు.

పన్నెండో తారీఖు నుంచి ఇల్లు ప్రశాంతంగా ఉందనిపించింది అక్కా. నిజంగా అనిపించింది. కుక్క దారికొచ్చింది, నీకు ఆ మాట రాయాలి అనుకున్నాను. కాగితం చదివాక ఆ నాలుగు రోజులూ నేను కొట్టలేదేమో అని బల్ల దగ్గర కూర్చుని గుర్తు చేసుకున్నాను. కొట్టాను. నాలుగు రోజులూ కొట్టాను. అడ్డం వచ్చేది లేదు గనక తేలికగా కొట్టాను. నేను గేటు తీసే చప్పుడు వినగానే పిల్ల కుక్కని పెరట్లోకి తీసుకెళ్లి కట్టేసి, తలుపు గడియ పెట్టి, నా దగ్గరికి వచ్చి నిలబడేది. నేను అది చూశాను. నేను రాగానే కుక్క ఎదురు రాకుండా మంచి పని చేస్తోందనుకున్నాను.

తన ప్రాణం కాపాడుకోవడానికి కాదు, దాని ప్రాణం కాపాడటానికి అలా చేసింది. కుక్కతో పెరిగితే పిల్లలు నేర్చుకుంటారని నువ్వు రాసినవన్నీ నా కూతురు నేర్చుకుంది. ఎవరి నుంచి కాపాడాలో కూడా తెలుసుకుంది.

నువ్వు వెళ్లాక నాన్న బెల్టుకి ఆ ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. నిన్ను ఎప్పుడూ తిట్టుకోలేదు అంటే అబద్ధం. చాలా తిట్టుకున్నాను. ఇది నీ మీదికి తోసెయ్యడానికి రాయడం లేదు. నాకు ఆ నొప్పి తెలుసు, తెలిసీ కొట్టాను.

ఆ రోజు నేను సంతకం పెట్టలేదు, డాక్టరు దగ్గరికీ వెళ్లలేదు. సూపర్‌వైజరుకి ఒంట్లో బాగాలేదని చెప్పి బయటికొచ్చేశాను. పక్కింటి నర్సమ్మని పిలిచి అన్నీ చెప్పాను, ఆవిడ ముఖంలోకి చూడలేకపోయాను. పిల్లనీ గుండీనీ ఆవిడ ఇంట్లో ఉంచాను. నేను మా ఇంట్లో ఉన్నాను. స్కేలు విరగ్గొట్టి పొయ్యిలో పెట్టాను. చేతులు మాత్రం ఉన్నాయి కదా.

లారీ ఆఫీసుకి ఫోన్ చేశాను. ఆయనకి కబురు అందేసరికి నాలుగు రోజులు పడుతుందట. తప్పు ఆయనది కాదని ఆఫీసులో అందరికీ వినబడేలా చెప్పమన్నాను.

నువ్వు రా అక్కా. కుక్కని తీసుకెళ్లడానికి కాదు. నా చేతులకి అడ్డం ఎవరైనా కావాలి.

నీ చెల్లి


సెప్టెంబర్ 22

చెల్లాయీ,

ఈ ఉత్తరం కన్నా నేనే ముందు వస్తాను. రేపు పొద్దున బస్సుకి సీటు దొరికింది. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఎదురుగా కూర్చుంటే నాకు ఈ మాటలు రావు. నేను గట్టిగా మాట్లాడతానని అందరూ అనుకుంటారు. చెప్పవలసినవి ఒక్కటీ చెప్పను.

నువ్వు చేసింది తప్పు కాదని నేను అనను. నీ మీద ప్రేమ ఉంది గనక మరీ అనను. నిన్న ఉత్తరం చదివి నిన్ను చంపెయ్యాలన్నంత కోపం వచ్చింది, వెంటనే నీ పన్నెండేళ్ల ముఖం గుర్తొచ్చింది. ఆ రెండూ నా కడుపులో ఇంకా ఉన్నాయి.

నా తప్పు కూడా విను. మొదటి ఉత్తరంలోనే నువ్వు అన్ని గుర్తులూ రాశావు. ఆ గుర్తులు ఎలాంటి ఇంట్లో కనిపిస్తాయో నాకన్నా తెలిసినవాళ్లు లేరు. ఐనా ఒంటరితనం అన్నాను. తరవాత మరిది గారు అన్నాను. నువ్వేనన్న మాట నా తలలోకి రానివ్వలేదు. వస్తే, నిన్ను ఆ ఇంట్లో వదిలి వెళ్లినందుకు ఇది జరిగిందని ఒప్పుకోవాలి కదా. ఒక మంచివాణ్ణి దోషిని చేసి ఇంట్లోంచి పంపేశాను, పిల్లకి ఉన్న ఒక్క ఆసరా తీసేశాను. క్షమించమని ఆయనకి మళ్లీ ఉత్తరం రాశాను. గుమాస్తా విప్పి అందరికీ చదివి వినిపించాలని కవరు మీద రాశాను కూడా.

నేను పక్కన లేకుండా నర్సమ్మ ఇంటి గుమ్మం తొక్కకు. పిల్ల వచ్చి అడిగినా వెళ్లకు.

అక్క


ఫిబ్రవరి 9

అక్కా,

కార్ఖానా హాస్టలు నుంచి రాస్తున్నాను. గదికి ఆరుగురం. కిటికీ పక్క మంచం నాది, కిందనే చొక్కాలు పెట్టెల్లో సర్దే షెడ్డు. నువ్వు తీసుకెళ్లి చూపించిన ఆసుపత్రికి ప్రతి మంగళవారం వెళ్తున్నాను. అక్కడ మాటలతోనే వైద్యం చేసే డాక్టరమ్మ నన్ను తిట్టదు, ఓదార్చదు. మీ కాగితంలాగే అడుగుతుంది. కోపం వచ్చింది సరే, ముందు ఏం జరిగింది? నేను సూపర్‌వైజరు గురించి చెబితే అంతకు ముందు అంటుంది. అలా వెనక్కి వెనక్కి తీసుకెళ్తుంది.

ఆయన లారీ మానేసి ఊళ్లోనే రొట్టెల వ్యాను నడుపుతున్నారు. మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటారు. నాతో అవసరమైనంతే మాట్లాడతారు. నీ ఉత్తరం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారని నర్సమ్మ చెప్పింది. నన్ను క్షమించారో లేదో నేను అడగలేదు, అడిగే హక్కు లేదు.

పిల్ల బళ్లో మాట్లాడుతోందట. పక్క మాత్రం ఇంకా అప్పుడప్పుడు తడుస్తోంది.

నాలుగు నెలల తరవాత, మొన్న ఆదివారం నన్ను రమ్మన్నారు. ఆయన, నర్సమ్మ ఇద్దరూ ఉండగా, ఒక గంట. పదింటికి వెళ్లాను. నా గేటే, నా చేత్తో నేనే తీశాను. ఆ చప్పుడుకి పిల్ల లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది. నా దగ్గరికి కాదు. మూలన ఉన్న తాడు తీసుకుని గుండీ మెడకి వెయ్యబోయింది. ముడి పడటం లేదు.

"కట్టకు తల్లీ" అన్నాను.

"అరుస్తుందమ్మా."

"అరవనీ."

పిల్ల వాళ్ల నాన్న వంక చూసింది. ఆయన తల ఊపారు. తాడు కింద పెట్టింది. గుండీ వచ్చి నాకూ పిల్లకీ మధ్యలో నిలబడి అరవడం మొదలుపెట్టింది. నర్సమ్మ దాన్ని పట్టుకోబోతే వద్దన్నాను. అది ఊరుకోలేదు అక్కా. గంటసేపూ ఊరుకోలేదు. నేను గుమ్మం బయటే నిలబడ్డాను, గంట అయ్యాక గేటు వేసుకుని వచ్చేశాను. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తాను.

నీ చెల్లి